ఈ దసరాకి వెదురు నిచ్చెనలు అద్దెకు ఇవ్వడం లేదు

పర్లాకిమిడి, కాశీనగర్, అటు పాతపట్నం నుంచి మా షాపుకు వచ్చే అందరికీ నమస్కారం. రంగుల సీజన్ మొదలైంది. వెదురు నిచ్చెన ఎందుకివ్వరని కొందరు కోప్పడుతున్నారు కూడా. అందుకే ఇది రాస్తున్నాను.

పోయిన నెల మా దగ్గర పెయింట్ కొనే ఒక మేస్త్రీ తన సొంత వెదురు నిచ్చెన మీంచి పడ్డాడు. ఎనిమిది అడుగుల ఎత్తు కూడా లేదు. మడమ ఎముక విరిగింది, ఇప్పటికీ కాలు కింద పెట్టలేకపోతున్నాడు. ఆ నిచ్చెన వెళ్లి చూశాను. మెట్లు కట్టిన తాడు పైకి గట్టిగానే ఉంది. విప్పితే కర్రకు ఆనుకున్న వైపంతా నుసిలా రాలింది. వెదురు లోపల పురుగు తొలిచేసింది. పైన రంగు పూయడంతో ఏదీ కనబడలేదు. ఇలాంటిది ఎవరికీ ఇవ్వలేను.

ఇక నుంచి అల్యూమినియం, ఫైబర్ నిచ్చెనలే. ఫైబర్ ఖరీదెక్కువ, అద్దె కూడా ఎక్కువే. అయినా ఇంటి ముందు కరెంటు తీగలుంటే అల్యూమినియం అడగొద్దు, ఇవ్వను. ఫైబర్ తీసుకున్నా తీగకు పదడుగుల లోపు పనైతే లైను ఆపించాకే ఎక్కండి.

గోడకు ఆనించేటప్పుడు పన్నెండు అడుగుల ఎత్తుకు కింద మూడడుగులు దూరం ఉండాలి. కొలత ఎందుకంటారా, నిచ్చెన కాళ్ల దగ్గర మీ కాలి వేళ్లు ఆనించి నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాపండి. అరచేతులు మెట్టుకు అందితే సరిగ్గా ఉన్నట్టే. డాబా ఎక్కాలంటే అంచు దాటి మూడడుగులు పైకి ఉండాలి. వానకి పాచి పట్టిన పెరట్లో, నిచ్చెన కాలి కింద ఇటుక పెట్టి మాత్రం దయచేసి ఎక్కకండి. "ఇంకొక్క జానెడే కదా" అని పక్కకు వంగినప్పుడే చాలామంది పడతారు. దిగి నిచ్చెనను జరుపుకోండి.

ఎవరైనా పడితే చంకలు పట్టి లేపొద్దు. మెడ, నడుము నొప్పంటే కదపకుండా 108కి ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి, తర్వాత ఎప్పుడైనా వాంతులు, మగత వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కింద పట్టుకునే మనిషి లేకుండా ఒక్కరే వస్తే నిచ్చెన ఇవ్వం. మీ ఇంట్లో పాతది ఉంటే తెండి, ఊరికే చూసిపెడతాను. నిచ్చెన కాళ్లకు అరిగిన రబ్బరు బూట్లు మార్చాలంటే మాత్రం సరుకు వచ్చే వారం వస్తుంది.