ఫైబర్ నిమ్మ సోడా సీసాలు ఎందుకు ఆపేశామంటే

గుంటూరు బ్రాడీపేట షాపుకు రోజూ వచ్చేవారికీ, అరండల్‌పేట, లక్ష్మీపురం నుంచి వచ్చి వారానికి సరిపడా సీసాలు పట్టుకెళ్లేవారికీ ఈ నాలుగు మాటలు. వచ్చే సోమవారం నుంచి మన ఫ్రిజ్‌లో ఆకుపచ్చ మూత ఫైబర్ నిమ్మ సోడా సీసాలు ఉండవు. గోలీ సోడా, సుగంధి, అల్లం సోడా, ఉప్పు నిమ్మ సోడా ఎప్పటిలాగే ఉంటాయి, ధరలూ అవే. ఫైబర్ సోడా కావాలన్నవారికి కౌంటరు దగ్గర అప్పటికప్పుడు కలిపి గ్లాసులో ఇస్తాం. అదైనా కొత్త ఫైబర్ పొడి వచ్చాకే.

చెప్పవలసింది ఇంతే అయితే షాపు తలుపుకు ఒక కాగితం అంటించి ఊరుకునేదాన్ని. కానీ సీసాలు తగ్గడం మొదలవగానే రెండు మాటలు పుట్టాయి. పెద్ద కంపెనీల ప్రీబయోటిక్ డ్రింకుల (పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు మేత వేస్తామని అమ్మేవి) ముందు నిలబడలేక మానేస్తోందని ఒకటి. అందులో ఫైబరూ లేదు, పాడూ లేదు, వట్టి నిమ్మరసమేనని ఇంకొకటి. మొదటిదానికి నవ్వుకున్నాను. రెండోది మా నాన్నగారి చెవిన పడింది. పక్క బండ్ల వాళ్లందరూ శాకరిన్ కలుపుతున్న రోజుల్లో కూడా పంచదారతోనే సుగంధి కాచిన మనిషి ఆయన. ఆ మాట విన్న రోజు ఆయన భోజనం ముట్టలేదు. అందుకని వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందుగా, రోజూ సాయంత్రం నడకకు వెళ్తూ ఆగే ఒక మాస్టారు అడిగిన ప్రశ్న. "అమ్మా, ఇది తాగితే పేగులకు నిజంగా మేలేనా? అమ్మేదానిగా కాకుండా చెప్పు" అన్నారు. అమ్మేదానిగానే చెబుతాను, ఎందుకంటే మా లేబుల్ మీద ఉన్నదీ అదే. 300 మిల్లీలీటర్ల సీసాలో 5 గ్రాముల ఇన్యులిన్ అనే పీచు, 8 గ్రాముల చక్కెర. ఆ పీచు చికోరీ వేరు నుంచి తీసింది. మనిషి దాన్ని అరిగించుకోలేడు. చిన్నపేగు దాటి పెద్దపేగుకు చేరాక అక్కడి సూక్ష్మజీవులు, ముఖ్యంగా బైఫిడోబాక్టీరియా, దాన్ని తిని పెరుగుతాయి. ఆ పులియడంలో బ్యుటిరేట్ వంటి ఆమ్లాలు తయారవుతాయి. పెద్దపేగు గోడలోని కణాలకు బ్యుటిరేటే ముఖ్యమైన ఇంధనం. ఇంతవరకు పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయమే.

మరి ఎంత తింటే? ఐరోపా ఆహార భద్రత సంస్థ 2015లో చికోరీ ఇన్యులిన్ గురించి ఒప్పుకున్నది ఒకే ఒక్క మాట: రోజుకు 12 గ్రాములు తీసుకుంటే విరేచనం సాఫీగా, మరింత తరచుగా అవుతుంది. మా సీసాలో ఉన్నది అందులో సగం కూడా కాదు. అందుకే సీసా మీద గ్రాముల లెక్క వేశానే తప్ప 'పేగుల ఆరోగ్యం' అని ఎక్కడా వేయలేదు. డిజైన్ చేసిన కుర్రాడు పొట్ట బొమ్మ, దానిలో నవ్వుతున్న బాక్టీరియా బొమ్మ పెట్టుకొస్తే తీయించాను. కావాలంటే ఇంట్లో ఉన్న పాత సీసా తిప్పి చూసుకోండి.

పెద్ద కంపెనీల సంగతి ఎత్తారు కాబట్టి అదీ చెబుతాను. అమెరికాలో పాప్పీ అనే ప్రీబయోటిక్ సోడా క్యాన్‌లో ఉండేది 2 గ్రాముల పీచు. ఆ కాస్త పీచుతో పేగులకు మేలని ఎలా చెప్పుకుంటారని 2024లో అక్కడి కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ, 2025లో 89 లక్షల డాలర్లకు రాజీ పడింది. అదే ఏడాది పెప్సీకో ఆ కంపెనీని 195 కోట్ల డాలర్లకు కొనేసింది. కోకాకోలా కూడా అదే ఏడాది 6 గ్రాముల పీచుతో సొంత సోడా దించింది. వాళ్లకు భయపడి నేను మూత బిగించుకోవాలా? నా 5 గ్రాములు పాప్పీ క్యాన్ కంటే రెండింతలకు పైనే.

ఇంకో మాట. సోడా రూపంలో తాగిన పీచు పేగులకు ప్రత్యేకంగా ఏదో చేస్తుందని నేనెన్నడూ అనలేదు. పీచు పీచే. వంద గ్రాముల ఉల్లిపాయలో రకాన్ని బట్టి 1 నుంచి 7 గ్రాముల దాకా ఇన్యులిన్ ఉంటుంది, వెల్లుల్లిలో అంతకంటే ఎక్కువ. కందిపప్పులో, శనగల్లో ఇదే పని చేసే వేరే రకం పీచు ఉంటుంది. వండి చల్లారబెట్టిన చద్దన్నంలో పిండిపదార్థం కొంత అరగని రూపంలోకి మారుతుంది, అదీ ఆ సూక్ష్మజీవులకే దక్కుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 2000 కిలోకేలరీలు తినేవారికి రోజుకు 30 గ్రాముల పీచు కావాలి. ఆ 30లో నా సీసా అయిదు. మిగతాది మీ వంటింట్లో నుంచే రావాలి. కాఫీలో కలిపే చికోరీ కూడా ఇదే వేరు కదా అని కొందరు అడుగుతున్నారు. వేయించినప్పుడు ఇన్యులిన్ చాలావరకు విరిగిపోతుంది, కాబట్టి ఫిల్టర్ కాఫీని ఈ ఖాతాలో వేయకండి.

నా సోడా వల్ల ఖాయంగా జరిగే మేలు ఒకటుంది. మామూలు కూల్‌డ్రింకులో అదే 300 మిల్లీలీటర్లకు 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. దాని బదులు ఇది తాగితే ఆ తేడా మీ ఒంటికి చేరదు.

ఇప్పుడు పొడి సంగతి. అసలు కడుపుమంట ఇక్కడే.

ఇన్యులిన్ పొడి ఎక్కువగా బెల్జియం, నెదర్లాండ్స్ నుంచి వస్తుంది. మాకు హైదరాబాద్ డీలర్ ఒకాయన పంపేవాడు, పాతిక కిలోల బస్తా, ప్రతి బస్తాతో టెస్ట్ రిపోర్టు. డబ్బు ముందే కట్టేదాన్ని. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత స్టాకు లేదన్నాడు, ఓడ ఆలస్యమన్నాడు, ధర పెరిగిందన్నాడు. పెరిగిన ధరా కట్టాను. చివరికి వచ్చిన బస్తాల మీద అచ్చు అదే, బొమ్మ అదే, మూతి కుట్టిన దారం మాత్రం వేరు రంగు. రిపోర్టు చూస్తే అంతకుముందు బస్తాతో వచ్చిన కాగితానికే జిరాక్సు. బ్యాచ్ నంబరు కూడా మార్చలేదు.

అయినా కలిపి చూద్దామని కాస్త సిరప్ చేశాను. ఇన్యులిన్ ఎక్కువ పాళ్లలో కలిపిన సిరప్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి అడుగున పలచటి మీగడలా తెల్లగా పేరుకుంటుంది. గరిటె పెట్టి తిప్పితే మళ్లీ కలిసిపోతుంది. మా పనమ్మాయికి కూడా తెలుసు ఈ సంగతి, పొద్దున్నే మొదట చేసే పని ఆ తిప్పడమే. ఆ రోజు తెల్లవారి డబ్బా మూత తీసి, "అక్కా, ఇది అడుగు దాకా కనిపిస్తోంది" అంది. నిజమే. సిరప్ తేటగా ఉంది, డబ్బా అడుగున చెక్కిన నంబరు చదవగలిగాను. నాలుక మీద వేసుకుంటే ఇన్యులిన్‌కు ఉండే ఆ కొద్దిపాటి తీపీ లేదు. ఆ సిరప్ ఒక్క సీసాలోకీ పోలేదు, మొత్తం సింకులో పారబోయించాను.

డీలర్‌కు ఫోను చేస్తే ఆయన అన్న మాట ఇది: "మేడమ్, సోడాలో కలిపాక ఎవరికి తెలుస్తుంది?"

ఆ పొడిని ల్యాబుకు పంపితే సగానికి సగం మాల్టోడెక్స్‌ట్రిన్ అని తేలింది. అది పీచు కాదు, చవకగా దొరికే పిండి సరుకు. చిన్నపేగులోనే అరిగి గ్లూకోజుగా రక్తంలోకి పోతుంది. నా దగ్గర ఫైబర్ సోడా కొనేవారిలో షుగరు ఉన్నవారు ఎందరో మీకే తెలుసు. కౌంటరు దగ్గర మీరు ఒకరి రీడింగు ఒకరికి చెప్పుకుంటూనే ఉంటారు. ఎవరికి తెలుస్తుందట! పూటకో వేలికి సూది గుచ్చుకుని చూసుకునేవారికి తెలియదా?

తర్వాత అదే సరుకు సగం ధరకు ఇస్తానన్నాడు. ఆ బేరం విని నాన్నగారు "పోనీలే, వదిలెయ్యి తల్లీ" అన్నారు. నేను వదల్లేదు. ఆ బస్తాలు గోడౌనులో సీలుతో సహా ఉన్నాయి, వాటి పక్కనే ల్యాబు కాగితమూ ఉంది. కట్టిన డబ్బు వెనక్కి వచ్చేదాకా ఒక్క బస్తా కూడా గడప దాటదు. మొండితనం అనుకుంటే అనుకోండి. ఈ వ్యవహారంలోనే సరుకు ఆగింది, సీసాలు తగ్గాయి, మీ అందరి నోళ్లలో మాటలు పుట్టాయి.

పొడి దొరికితే మళ్లీ సీసాలు నింపవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది ఆ ప్రశ్నే. పొడితో పాటు మా సీసాలు కూడా ల్యాబుకు పంపాను. ఒకటి మన ఫ్రిజ్‌లోది, ఇంకొకటి కొత్తపేటలో ఒక కిరాణా కొట్టు అరలో ఎండాకాలమంతా నిలిచిపోయినది. ఫ్రిజ్‌లోదానిలో లెక్క సరిగ్గా ఉంది. కొట్టులోదానిలో పీచు తగ్గి చక్కెర పెరిగింది. నిమ్మరసం పులుపు, పైగా గుంటూరు మే నెల వేడి. ఈ రెండూ కలిస్తే ఇన్యులిన్ గొలుసు మెల్లగా తెగి ఫ్రక్టోజు అనే చక్కెరగా మారుతుంది. మరి మన కడుపులోని ఆమ్లం సంగతేమిటని మాస్టారు వెంటనే అడిగారు. అక్కడ అది ఉండేది కొద్ది గంటలే, చాలా భాగం చెక్కుచెదరకుండా దాటిపోతుంది. అరలో నెలల తరబడి నిలవడమే అసలు చిక్కు.

సప్లై వ్యాను చూసే మా మరిది ఒక ఉపాయం చెప్పాడు. "వదినా, ఇంకో రెండు గ్రాములు ఎక్కువ వేద్దాం. తగ్గినా లేబుల్ మీది అయిదుకు సరిపోతుంది" అన్నాడు. లెక్కకు బాగానే ఉంది. కానీ తెగిన రెండు గ్రాములు ఎక్కడికి పోతాయి? చక్కెరగా ఆ సీసాలోనే ఉంటాయి. లేబుల్ మీది 8 అప్పుడు అబద్ధమవుతుంది. పులుపుకూ వేడికీ తట్టుకునే వేరే రకం పీచు, మొక్కజొన్న పిండి నుంచి చేసేది, ఉంది. దాని గురించి చాలా ఆలోచించాను. అది మోసం కాదు, మంచి సరుకే. అయితే మళ్లీ కొత్త డీలర్‌ను నమ్మాలి, కొత్త లేబుల్ వేయాలి, అమ్మేముందు ప్రతి బ్యాచ్‌నూ ల్యాబులో చూపించాలి. ఆ ఖర్చు సీసా ధరలోకి వస్తే మీలో సగం మంది కొనరు. మూడో దారి, ప్రతి కొట్టూ ఫ్రిజ్‌లోనే పెట్టాలని షరతు పెట్టడం. రాత్రి కరెంటు బిల్లు భయానికి ఫ్రిజ్ ఆపేసే కొట్టువాడిని నేను వెళ్లి కాపలా కాయలేను.

హాస్టళ్ల ఆర్డర్లు, ఫంక్షన్ హాళ్ల ఆర్డర్లు అన్నీ ఈ సీసాల మీదే. అవి పోతాయని తెలిసే ఆపాను. మరిదికి నా మీద ఇంకా కోపం తగ్గలేదు, వ్యాను తాళాలు బల్ల మీద విసిరిపోతున్నాడు.

కౌంటరు దగ్గర గ్లాసులో ఎలా ఇస్తామో చెబుతాను. పొడి తూకం వేసి మీ ఎదుటే కలుపుతాం, 5 గ్రాముల చెంచా కౌంటరు మీదే ఉంటుంది. కొత్త పొడి ఏ బస్తాదో, దాని ల్యాబు రిపోర్టు ఏమిటో గోడ మీద అంటిస్తాం. ఆ రిపోర్టు డీలర్ ఇచ్చినది కాదు, మేము చేయించినది.

తాగేవారికి రెండు జాగ్రత్తలు. ఇన్యులిన్ పులిసినప్పుడు గ్యాసు పుడుతుంది, సోడాలో గ్యాసు ముందే ఉంది. కొత్తవారు సగం గ్లాసుతో మొదలుపెట్టండి. ఉల్లి, వెల్లుల్లి తింటే పొట్ట ఉబ్బి నొప్పి వచ్చేవారు, ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనం తేడా చేసే పేగుల ఇబ్బంది) ఉందని డాక్టరు చెప్పినవారు మొదలే పెట్టకండి, మామూలు నిమ్మ సోడా తాగండి. ఆదివారం ఉలవచారు బిర్యానీ తిని వచ్చి "అరగడానికి ఫైబర్ సోడా ఒకటి కొట్టమ్మా" అనే పెద్దలకు కూడా ఒక మనవి. త్రేన్పు వచ్చినంత మాత్రాన బిర్యానీ అరిగినట్టు కాదు. ఆ త్రేన్పు గోలీ సోడా కూడా ఇస్తుంది, దాని ధరా తక్కువే.

నెలవారీ కూపన్లు కొన్నవారు మిగిలిన కూపన్లకు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా వేరే ఏ సోడాకైనా మార్చుకోవచ్చు. కూపను పోయినా ఫర్వాలేదు, పుస్తకంలో మీ పేరు ఉంటే చాలు. ఆకుపచ్చ మూత సీసాలు ఇంట్లో ఇంకా ఉన్నవారు, అవి ఫ్రిజ్‌లో ఉంటే తాగేయండి. బయట పెట్టినవైతే తెచ్చి ఇవ్వండి, పూర్తి ధర ఇస్తాం. ఖాళీ సీసాలు కూడా తెచ్చి ఇవ్వండి, సుగంధి నింపడానికి కావాలి.