నీ చెప్పు ఇంకా గుంటలోనే ఉంది

ఒరేయ్ గుంటోడా,

తాత పోయాడని తెలిసి నువ్వు పెట్టిన మెసేజ్‌కి నెలైనా జవాబివ్వలేదు, తిట్టుకో. ఫోన్ చేద్దామనే అనుకున్నా గానీ ఇది ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో నవ్వుతావు, నాకేమో ఏడుపొస్తుంది. మిగతా సంగతులు ఒక్క ముక్కలో: చెల్లెకు బీఈడీ సీటొచ్చింది, అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నాయి, నీ రెండు వేలు దసరాకి. అయిపోయింది, ఇక విను.

మూడో రోజు చెరువు కట్ట మీద పిట్టకు పెట్టాం. మోదుగాకు విస్తరిలో అన్నం, మటన్, గిలాసలో కల్లు, పక్కన బీడీ కట్ట. బాబాయి అగ్గిపెట్టె కూడా పెట్టాడు, కాకి ముట్టించుకుంటుందేమో మరి. తుమ్మచెట్టు మీద మూడున్నాయి, ఒక్కటి కదలదు. గంటైంది, ఎండ నెత్తి మీదికొచ్చింది. ఇక అందరూ మాటివ్వడం మొదలుపెట్టారు. 'అమ్మను మంచిగ చూసుకుంటం నాయినా' అని నాన్న, 'పిల్ల పెండ్లి మేం చేస్తం' అని బాబాయి. అత్తయితే 'అమ్మ గొలుసు తిరిగిచ్చేస్త' అన్నది. గొలుసు ఆమె దగ్గరుందని మాకు అప్పుడే తెలిసింది, ఆ పంచాయితీ ఇంకో ఉత్తరంలో రాస్తా. పిట్ట మాత్రం రాలేదు.

అప్పటిదాకా నోరు విప్పని నానమ్మ లేచింది. 'ఓ అయ్యా, గుంట పూడ్వనియ్య. నా పానం ఉన్నన్ని దినాలు పూడ్వనియ్య. తిను ఇగ.'

ఏ గుంటో తెలుసుగా. ఏడో తరగతిలో నువ్వు లెక్కల పుస్తకంతో సహా పడి, పైకి లాగితే దెబ్బ సంగతి వదిలేసి చెప్పు కోసం ఏడ్చావే, మా ముందు గదిలో, తాత కాళ్లు దించి తొక్కుతూ నేసిన ఆ మగ్గం గుంటే.

తాత 1975లో మగ్గం అమ్మి, ఆ పైసలతోనే చండూరు విడిచి బొంబాయి పక్కన భీమండికి రైలెక్కాడు. నాన్నకు నాలుగేళ్లు. అక్కడి పద్మనగర్‌లో సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పన్నెండు గంటల పాళీ, పగటి వాళ్లు లేచిన చాపలోనే రాత్రి వాళ్లు పడుకోవడం. 1982లో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక అక్కడి పనంతా భీమండికి మళ్లింది, రెండు సాంచలు చూసే మనిషి నాలుగు చూడాల్సొచ్చింది. 1984 మే గొడవల్లో సాంచలు ఆగిపోయి రెండు నెలలు మనియార్డర్ రాలేదు. నానమ్మ నూలు కండెలు చుట్టి నెట్టుకొచ్చింది, నాన్న బడి మానేసింది కూడా అప్పుడే. ఇవన్నీ నానమ్మ చెప్పినవే. తాతను అడిగితే 'ఆఁ?' అనేవాడు, సాంచల మోతకు చెవులు పోయాయి కదా. నీ పేరు చివరిదాకా సరిగ్గా పలకలేదు ఆయన.

కానీ ఏటా వచ్చిన రాత్రి, అన్నం తిన్నాక, చెక్కలు పక్కకు జరిపి ఆ ఖాళీ గుంటలో కాళ్లు వేసుకుని కూర్చునేవాడురా. చేతిలో చాయ్. లోపల మగ్గం లేదు, ఏం లేదు, పాదాలు మాత్రం ఒకటి విడిచి ఒకటి తొక్కుతుండేవి. 'ఏం నేస్తున్నవ్ తాతా' అని ఒకసారి అడిగా. 'ఆఁ?' అన్నాడు.

నీకొక్కడికే చెప్తున్నా. పోవడానికి వారం ముందు నాన్న మూడు సిమెంటు బస్తాలు తెచ్చి వసారాలో వేశాడు, ముందు గదిలో టైల్స్ వేయించాలని. తాత మంచంలోంచి వాటిని చూశాడు. ఏమీ అనలేదు. నాన్న కూడా... వద్దులే.

నానమ్మ అట్లా అన్నాక ఒక కాకి దిగింది. మటన్ వదిలేసి నాలుగు మెతుకులు ముట్టి ఎగిరిపోయింది. మనం వెనక్కి జరిగాం కాబట్టి వచ్చిందని బాబాయి వాదన, అయ్యుండొచ్చు. నాన్న మాత్రం తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తియ్యలేదు.

పొద్దున టైల్స్ మేస్త్రీ వచ్చాడు. నానమ్మ సరిగ్గా ఆ చెక్కల మీదే మంచం వేయించుకుని పడుకుంది, గురక కూడా పెడుతోంది, దొంగ గురక. మేస్త్రీ టేపు పట్టుకుని నిలబడ్డాడు, గుంట కలిపి కొలవాలా, వదిలేసి కొలవాలా అని. నాన్న జవాబు చెప్పకుండా నన్ను పిలుస్తున్నాడు, ఇది మూడోసారి. ఉంటారా. ఆ చెప్పు ఎడమదా కుడిదా రాయి, దిగి వెతుకుతా.