పాకాల కట్ట రాళ్లు పొయ్యిలకా?

అయ్యా,

కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దిలో, గుట్టల నడుమ కట్టిన పాకాల చెరువు మట్టికట్ట నేటికీ నర్సంపేట ప్రాంతపు పొలాలకు నీరిస్తూ, చుట్టూ ఉన్న అభయారణ్యంలోని జంతువులకు, పక్షులకు ఆసరాగా నిలుస్తూ, సెలవు రోజుల్లో ఎన్నో కుటుంబాలకు విహారస్థలంగా ఉంటోంది. మొన్న ఆదివారం కట్ట మీద నడుస్తుంటే, నీటివైపు పేర్చిన రాళ్లను నాలుగైదు చోట్ల ఊడబెరికి పొయ్యిలుగా వాడిన గుర్తులు, మసి కూడా చెరగకుండానే, కనిపించాయి. అలల కోత నుంచి మట్టిని కాపాడేది ఆ రాళ్లే. వనభోజనాలు వద్దని నేననను. వాటికి కట్టే దొరికిందా? కట్టపై చెట్ల సంగతి మరింత సున్నితమైనది: ఎండిన లేదా నరికిన చెట్టు వేరు కుళ్లితే ఆ దారినే నీరు ఊరుతుంది కనుక, కొత్త మొలకలను ఏటా పీకించి, పెద్ద చెట్లను మాత్రం ఇంజినీర్లు పరిశీలించాకే ముట్టుకోవాలి. వానలకు ముందే రాళ్లను తిరిగి పేర్పించి, వంటలకు వేరే చోటు చూపాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నర్సంపేట