బొప్పాయి తోటకి మందు అడిగిన తమ్ముడికి

హిలో, హవాయి

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాను. ఫోన్‌లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం నాన్న ఇంకోలా వింటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

"ఏ మందు కొట్టమంటావక్కా?" అని అడిగావు. వైరస్ పట్టిన బొప్పాయి చెట్టుని బాగుచేసే మందు లేదురా. ఉందని ఎవరైనా అంటే నమ్మకు. బూజు తెగుళ్లకి కొట్టేవి, బాక్టీరియాకి కొట్టేవి దీని మీద పనిచేయవు. పట్టిన చెట్టుని ఎంత త్వరగా గుర్తుపట్టి పీకేస్తావన్నదాని మీదే మిగతా తోట ఆధారపడి ఉంటుంది.

నీ ఫోటోల్లో నన్ను కంగారు పెట్టింది ఆకులు కాదు, ఆకు కాడ. చిగురు దగ్గరి కాడ మీద, కాండం పైభాగంలో ముదురాకుపచ్చ గీతలున్నాయి చూడు, నూనె చేత్తో రాసినట్టు. అది రింగ్‌స్పాట్ వైరస్ గుర్తు. లేతాకులు పసుపు, ఆకుపచ్చ కలిసి మచ్చలు మచ్చలుగా మారతాయి, ఈనెలు పాలిపోతాయి, ముదిరితే ఆకు చీలికలై దారాల్లా సన్నబడుతుంది. కాయ మీద గుండ్రటి వలయాలు వస్తాయి, ఒక్కోసారి కాయంతా గడ్డలు కడుతుంది. పండినా తీపి తగ్గుతుంది. అయితే ఈ వైరస్ మనుషులకి అంటేది కాదు. ఆ పండు తింటే ఏమవుతుందోనని అమ్మ టెన్షన్ పడక్కర్లేదు.

చివరి ఫోటోలో చెట్టుది వేరే కథ. ఆకుల అంచులు కిందికీ లోపలికీ ముడుచుకుని బోర్లించిన గిన్నెలా ఉన్నాయి. ఆ ఆకుని వేళ్లతో నలిపి చూడు. మందంగా, తోలులా తగిలితే, వెనకవైపు ఈనెలు ఉబ్బి ఉంటే, కాడ వంకర్లు తిరిగితే అది ఆకుముడత, అదీ ఇంకో వైరస్ జబ్బే. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. చెట్టు గిడసబారిపోతుంది, కాయలు రావడమే కష్టం.

వైరస్ అని తొందరపడి పీకే ముందు మోసగాళ్లని కూడా తెలుసుకో. నేను చూసినంతలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కంటికి సరిగా కనిపించని నల్లి చిగురుని పీల్చినా లేతాకులు మెలితిరిగి గరుకుగా తయారవుతాయి, అచ్చం వైరస్ లాగే. దానికైతే నల్లిమందు పనిచేస్తుంది, కొత్త చిగురు శుభ్రంగా వస్తుంది. పక్క చేలో ఎవరైనా 2,4-డి లాంటి కలుపు మందు కొట్టి ఉంటే, గాలికి వచ్చిన ఆవిరితోనే ఆకులు దారాల్లా మారతాయి. అప్పుడు గాలి వచ్చిన వైపు చెట్లన్నీ ఒకేసారి పాడవుతాయి. వైరస్ అలా రాదు, ఇక్కడొకటి అక్కడొకటిగా మొదలవుతుంది. కాయ గడ్డలు కట్టి, పైన పాలు కారుతుంటే బోరాన్ లోపం కావచ్చు. వలయాలూ, కాడ మీద నూనె గీతలూ లేకుండా ఉత్త గడ్డలే ఉంటే ముందు దాన్నే అనుమానించు.

ఇక పురుగుమందు సంగతి. నాన్న వారం వారం కొట్టిస్తున్నారన్నావు కదా. రింగ్‌స్పాట్‌ని తెచ్చేది రెక్కల పేనుబంక. అది బొప్పాయి మీద కాపురం పెట్టేది కాదు, దారిన పోతూ వాలి, ఇది నా తిండా కాదా అని ఒక్కసారి పొడిచి చూస్తుంది. రోగమున్న చెట్టుని పొడిస్తే కొన్ని సెకన్లలో, మహా అయితే నిమిషాల్లో వైరస్ దాని మూతికి అంటుకుంటుంది. తర్వాత వాలిన చెట్టుకి అంతే వేగంగా అంటించేస్తుంది. మందు దాన్ని చంపేలోపు పని జరిగిపోతుంది. అందుకని ఆ ఖర్చు దండగ అని నాన్నకి మెల్లగా చెప్పు, నా పేరు చెప్పి చెప్పినా ఫర్వాలేదు. తెల్లదోమ అలా కాదు, ఆకుల వెనక గుంపులుగా స్థిరపడుతుంది కాబట్టి దాని మీద వేపనూనెకీ, పసుపు జిగురు అట్టలకీ కొంత ఉపయోగం ఉంది. ఆకుముడత చెట్టుని పీకే ముందు దాని మీద తెల్లదోమ మందు కొట్టు. లేకపోతే కదిలించగానే దోమలన్నీ లేచి పక్క చెట్ల మీద వాలతాయి.

పీకడం నిజంగా పనిచేస్తుందా అని నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. నేనుండే ఈ హిలో ఊళ్లో పెరటి చెట్లకి రింగ్‌స్పాట్ వైరస్ ఎప్పటినుంచో ఉంది. బొప్పాయి తోటలు ఎక్కువగా ఉన్న పునా ప్రాంతం ఇక్కడికి 30 కిలోమీటర్లే. అయినా 30 ఏళ్లకు పైగా అక్కడికి పాకలేదు. వ్యవసాయ శాఖ వాళ్లు తిరిగి తిరిగి రోగమున్న చెట్లని నరికించేవాళ్లు. 1992లో పునాలో తొలిసారి కనబడింది. వదిలేసిన తోటల్లో చెట్లు అలాగే ఉండిపోయాయి, అక్కడినుంచి అంటుకుంది. 1994 చివరికి నరకడం కూడా ఆపేశారు, అప్పటికి చేయి దాటిపోయింది. 1998 నాటికి అక్కడి దిగుబడి సుమారు సగానికి పడిపోయింది. ఆ ఏడే డెనిస్ గొన్సాల్వెస్ అనే ఈ దీవి శాస్త్రవేత్త బృందం తయారుచేసిన జన్యుమార్పిడి రకాలు రెయిన్‌బో, సన్‌అప్ రైతుల చేతికొచ్చాయి, తోటలు నిలబడ్డాయి. వైరస్ పైపొర జన్యువునే చెట్టులో పెట్టారు. ఆ విత్తనం పంపమని మాత్రం అడగకు. అది ఇక్కడి వైరస్ రకానికి తయారైంది, మరోచోట ఆగుతుందన్న భరోసా లేదు.

నీకు చెప్పేది ఇదీ. వారానికి రెండుసార్లు ఎండ మండకముందే వరుస వరుసా నడు, చిగురు కాడలు చూడు. నూనె గీతలు కనబడితే ఆ రోజే వేళ్లతో సహా పీకి, తోటకి దూరంగా పాతిపెట్టు. ఒక్క కాయ ఉంది, అది కోశాక తీద్దాం అనుకోకు. కాకపోతే ఒక మాట, ఇప్పటికే తోటలో చాలా చెట్లకి పట్టేసి ఉంటే పీకి లాభం లేదు. నీళ్లు, ఎరువు సరిగ్గా ఇచ్చి, ఉన్న కాయలు దించుకుని, పంట అయ్యాక ఒక్క చెట్టు కూడా మిగల్చకుండా తీసేయండి. పాత చెట్లు నిలబడి ఉండగా పక్కనే కొత్త నారు వేస్తే తెలిసి తెలిసి అంటించినట్టే.

కొత్త తోటకి నారుని సన్నటి వల కింద పెంచు. ఈ వైరస్ విత్తనంతో రాదు కాబట్టి నారుమడిలో కాపాడితే సగం గండం గట్టెక్కినట్టే. నాటడానికి నెల ముందే చుట్టూ రెండు మూడు వరుసలు మొక్కజొన్నో జొన్నో దట్టంగా వేయి. ఎగిరొచ్చే పేనుబంక ముందు వాటి మీద వాలి, అక్కడ పొడిచి మూతి శుభ్రం చేసుకుంటుంది. దోస, గుమ్మడి, పుచ్చ తీగలు మాత్రం దగ్గర వద్దు, వాటిలోనూ ఈ వైరస్ బతుకుతుంది, పేనుబంక కూడా చేరుతుంది. కత్తి వాడితే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లేముందు సబ్బునీళ్లతో కడుగు.

ఈ వారం ఇంకో నాలుగు ఫోటోలు తీసి పంపు: ఆకు వెనకవైపు, చిగురు, ఒక పచ్చికాయ, రోగమున్న చెట్లు తోటలో ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసేలా దూరం నుంచి ఒకటి. అనుమానమున్న చెట్టు పచ్చికాయని సూదితో గుచ్చి పాలు కారుతున్నాయో లేదో కూడా చెప్పు. పాలు రాకపోతే అది బంచీటాప్ అనే వేరే జబ్బు కావచ్చు, వైరస్ కాదు.

మీ అక్క