చిట్టిని పట్టి ఇచ్చిన మా కాలనీ వాళ్లకి నమస్కారాలు

గత నెల ఒక ఆదివారం పొద్దున్నే, విశాఖ ఎంవీపీ కాలనీలో మా కుక్క చిట్టి నా చేతిలోంచి తప్పించుకుని మెయిన్ రోడ్డు వైపు పరుగెత్తింది. ఈరోజు అది నా కాళ్ల దగ్గర పడుకుని నిద్రపోతోందంటే నలుగురు మనుషుల పుణ్యం. వాళ్లలో ఇద్దరి పేర్లు కూడా నాకు తెలియవు. ఆ రోజు ఏడుపులో ఎవరికీ సరిగ్గా థాంక్స్ చెప్పలేకపోయాను.

చిట్టి మన నాటు కుక్కే. 3 ఏళ్లు, 18 కిలోలు. దానికి ప్రతి స్తంభమూ, ప్రతి గోడ మూలా వాసన చూడాలి. పొట్టి బెల్టుతో ఇబ్బంది పడుతోంది పాపం అనిపించి రిట్రాక్టబుల్ లీష్ కొన్నాను. ప్లాస్టిక్ పిడి, లోపల స్ప్రింగు, బూటు లేసంత సన్నటి తాడు. కుక్క ముందుకి వెళ్తే 5 మీటర్ల దాకా వదులుతుంది, వెనక్కి వస్తే దానంతటదే చుట్టుకుంటుంది. ఆపడానికి బొటనవేలి కింద ఒక బటన్.

ఆ పొద్దున్న చెత్తకుండీ వెనక నుంచి మూడు వీధికుక్కలు మొరుగుతూ వచ్చాయి. చిట్టి అప్పటికే తాడంతా లాగేసుకుని దూరంగా ఉంది. బటన్ నొక్కితే తాడు ఆగుతుంది, కుక్క దగ్గరికి రాదు. కంగారులో ఎడమచేత్తో తాడు పట్టుకున్నాను. చిట్టి ఒక్కసారిగా పరుగందుకుంది. తాడు అరచేతిని కోసుకుంటూ జారిపోయింది. ఆ మంటకి కుడిచేతిలో పిడి కూడా వదిలేశాను.

అసలు భయం అక్కడ మొదలైంది. కిందపడ్డ పిడి టకటకా కొట్టుకుంటూ చిట్టి వెనకే వెళ్లింది. స్ప్రింగు చుట్టుకుంటున్నకొద్దీ పిడి దానికి ఇంకా దగ్గరవుతోంది, ఎగిరెగిరి వెనక కాళ్లకి తగులుతోంది. ఏదో తరుముకొస్తోందనుకుని చిట్టి చెవులు వెనక్కి పెట్టి ప్రాణభయంతో పరిగెత్తింది. నేను పేరు పెట్టి అరుస్తూ వెంటపడ్డాను. అది ఇంకా బెదిరింది.

ఆటో అన్నా, మీరు మలుపు దగ్గర ఆటోని రోడ్డుకి అడ్డంగా పెట్టి, దిగి, వస్తున్న బస్సుని చెయ్యెత్తి ఆపారు. టిఫిన్ బండి పిన్నిగారూ, "ఎవరూ ఎంటపడకండి, అది బెదిరిపోతాది" అని మీరు కేకేశాకే నా కాళ్లు ఆగాయి. మీరు నేల మీద కూర్చుని, గొంతు తగ్గించి, "రామ్మా, రా తల్లీ" అని ఇడ్లీ ముక్కతో చెయ్యి చాపారు. చిట్టి ఆగి మీ వైపు చూసిన ఆ క్షణంలో పేపర్లు వేసే తమ్ముడు సైకిల్ పడేసి పిడి మీద కాలేశాడు. తర్వాత పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని, డ్రమ్ములో నీళ్లు చెంబుతో చాలాసేపు పోస్తూనే ఉన్నారు. ఎవరో టూత్‌పేస్ట్ రాయమంటే రాయనివ్వలేదు. డాక్టరు కూడా అదే మంచి పని చేశారన్నారు. చిట్టికి రెండు గోళ్లు విరిగాయి, అంతే.

నాలుగో మనిషి మా పక్క వీధి సుబేదారు గారు. మీరట్‌లో ఆర్మీ కుక్కలకి ట్రైనింగ్ ఇచ్చే కేంద్రంలో పనిచేసి రిటైరయ్యారు. సంగతి తెలిసి సాయంత్రం ఇంటికొచ్చారు. ఒక్క మాట కూడా తిట్టలేదు. "మీ వీధి వెడల్పు ఎంతుంటాదమ్మా?" అని అడిగారు. ఇరవై అడుగులుంటుందన్నాను. "5 మీటర్లంటే 16 అడుగుల పైమాటే. అంటే నువ్వు ఈ గోడ పక్కన నడుస్తుంటే అది బళ్లు తిరిగే చోటు దాటిపోయి ఉంటాది" అన్నారు. ఇంత చిన్న లెక్క నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఇంకో విషయం కూడా ఆయన చెబితేనే తెలిసింది. ఆ స్ప్రింగు ఎప్పుడూ కొద్దిగా బిగువుగానే ఉంటుంది. లాగితే తాడు వస్తుందని కుక్క నేర్చుకుంటుంది. చిట్టి మొండిదై లాగుతోందని ఇన్నాళ్లూ అనుకున్నాను, నేర్పింది నేనేనన్నమాట. పైగా పరుగులో తాడు చివరికి వచ్చేసరికి ఆ కుదుపంతా మెడ మీదే పడుతుంది.

మర్నాడు ఆయనే దగ్గరుండి కొనిపించారు. ఆరడుగుల నూలు బెల్టు. నైలాన్ చెమటకి జారుతుంది, ఇనుప గొలుసు బరువు, కుక్క కొరికితే పళ్లకి దెబ్బ. కొక్కెం ఇత్తడిదే తీసుకోమన్నారు, మన సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టి ఎప్పుడు ఊడుతుందో తెలియదు. పట్టుకోవడం కూడా నేర్పారు: ఉచ్చులోకి బొటనవేలు పెట్టి, బెల్టుని అరచేతి మీదుగా వేసి, పిడికిలి బిగించాలి. మణికట్టుకి చుట్టుకోకూడదు. చిట్టి లాగితే నేను ఆగిపోవాలి, బెల్టు వదులైతేనే కదలాలి. మొదటి రోజు మా గేటు నుంచి వీధి చివరికి వెళ్లడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన వెనకే నడుస్తూ "పరవాలేదు, మళ్లీ ఆగు" అంటూనే ఉన్నారు.

"మరి దాని వాసనల సరదా?" అని అడిగాను. పూర్ణా మార్కెట్‌లో 10 మీటర్ల తాడు కొని తెచ్చి ఇచ్చారు. ఆదివారం ఖాళీ మైదానంలో, మెడకి కాకుండా బాడీ బెల్టుకి తగిలించి, నేల మీద వదిలేస్తాం. అది తిరిగినంతసేపు తిరుగుతుంది. మాట వినే చిన్న కుక్కకి, బళ్లు రాని మైదానంలో, సన్నతాడు బదులు వెడల్పు టేపుది అయితే రిట్రాక్టబుల్ తప్పేం కాదని ఆయన అంటారు. నేను మాత్రం వీధిలోకి ఆ లీష్‌ని మళ్లీ తీసుకెళ్లను.

మూడు వారాలైంది. నిన్న అవే వీధికుక్కలు ఎదురొచ్చాయి. బెల్టు రెండు మడతలు వేసి చిట్టిని కాలి పక్కకి తెచ్చుకుని, అవతలి వైపు నుంచి నడిచి వచ్చేశాం.

సుబేదారు గారూ, పిన్నిగారూ, తమ్ముడూ, మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. ఆటో అన్నా, మీ నంబరు తీసుకోలేదు, ముఖం కూడా సరిగ్గా చూడలేదు. ఇది చదివితే ఏ ఆదివారమైనా పొద్దున్న ఆరింటికి ఆ మలుపు దగ్గరికి రండి. చిట్టీ నేనూ టిఫిన్ బండి దగ్గరే ఉంటాం.