గాలి సొరంగాల లెక్క తేల్చండి: కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

బాలానగర్‌లో విండ్ టన్నెల్ (నమూనా మీదికి వేగంగా గాలిని పంపి దాని తీరు కొలిచే గాలి సొరంగం) పరీక్షలకు విమాన నమూనాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపు నాది. మూడుసార్లు రాసినా జవాబు రానందున ఇప్పుడు పదిమంది ఎదుట రాస్తున్నాను.

బెంగళూరులోని జాతీయ విమానయాన పరిశోధనశాల ఎన్‌ఏఎల్‌లో, ధ్వని వేగానికి తక్కువ, సమాన, ఎక్కువ వేగాల్లో పరీక్షించే 1.2 మీటర్ల ట్రైసోనిక్ టన్నెల్ 1967 నాటిది. మన హైదరాబాద్‌లో 2020 డిసెంబరులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వారి హైపర్‌సోనిక్ (ధ్వనికి ఐదు రెట్లు మించిన వేగాల) టన్నెల్ ప్రారంభమైంది, సంతోషమే. అయినా మన దేశంలో యుద్ధవిమానాల కోసం రూపొందించిన కావేరి ఇంజిన్‌ను ఆకాశపు ఎత్తులో పరీక్షించడానికి రష్యా దాకా మోసుకుపోవలసి వచ్చింది. అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2004లో నాసా టన్నెళ్లను దేశ అవసరాల కొలతతో మదింపు చేసి, వాడకం తగ్గడం ఒక్కటే మూసివేతకు కారణం కారాదని చెప్పింది. మనకూ అటువంటి మదింపు కావాలి.

నా బల్లమీద నూనెగుడ్డలో చుట్టిన డ్రోన్ రెక్క నమూనా ఒకటి 14 నెలలుగా పరీక్ష వంతు కోసం ఎదురుచూస్తోంది. దాని అంచును మైక్రాన్ల లెక్కన తీర్చిన కుర్రవాడు, పరీక్ష జరగక, బిల్లు రాక నేను జీతం సరిగా ఇవ్వలేకపోవడంతో, గేట్ల గ్రిల్స్ చేసే పనికి వెళ్లిపోయాడు. అంతటి చేయి మళ్లీ దొరకదు.

కాబట్టి ప్రభుత్వ టన్నెళ్లు, ఇంజిన్ టెస్ట్ బెడ్లు, సిమ్యులేటర్ల వయసు, మరమ్మతు ఖర్చు, వేచివుండే కాలం, రాబోయే 20 ఏళ్ల అవసరం తేల్చే నివేదికను 6 నెలల్లో బహిరంగపరచాలని, చిన్న సంస్థలకు కొన్ని పరీక్ష దినాలు కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
బాలానగర్ వర్క్‌షాపు యజమాని, హైదరాబాద్