గుల్లకి రంధ్రం ఉంటే తప్పు మీ నీళ్ళది కాదు, నాది

గత నెలన్నరలో మా ఉప్పునీటి అక్వేరియం షాపులో ఇసుక నత్తల ప్యాకెట్ తీసుకున్నవాళ్ళందరికీ చెబుతున్నాను. నసారియస్ అని నేనమ్మిన వాటిలో మూన్ స్నెయిల్ కలిసిపోయింది. నసారియస్ చేపలు వదిలేసిన మేత తిని ఇసుక శుభ్రంగా ఉంచుతుంది. మూన్ స్నెయిల్ కూడా ఇసుకలోనే ఉంటుంది కానీ, బతికున్న నత్తల్ని, ఆల్చిప్పల్ని వేటాడి తింటుంది. మీ ట్యాంకులో నత్తలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే కారణం ఇదే కావచ్చు.

మొదట ఫోన్ చేసింది ఓ పాత కస్టమర్. నాచు తినే సెరిత్ నత్తలు రోజుకొకటి పోతున్నాయన్నారు. నేను క్లాసు పీకాను. శాలినిటీ, అంటే నీటి ఉప్పదనం, మీటర్లో 1.025 ఉందా, కొత్త నత్తలకి మీ నీళ్ళు చుక్కచుక్కగా కలుపుతూ డ్రిప్ గంటైనా పెట్టారా, చేపల రోగాలకి వేసే కాపర్ మందేమైనా పోశారా అని. అడగాల్సినవే, కాదనను. శాలినిటీ ఒక్కసారిగా మారితే చేపలు తట్టుకున్నా నత్తలు తట్టుకోవు, కాపర్ కొంచెం ఉన్నా బతకవు. కానీ నేనడిగిన తీరు, తప్పు చేసి నాకెందుకు ఫోన్ చేశారన్నట్టుంది. ఆయన మర్నాడు వచ్చి, కాగితంలో మడిచి తెచ్చిన ఐదు గుల్లలు కౌంటర్ మీద పోసి నిలబడ్డారు.

ఐదింటికీ గుండుసూది తలంత రంధ్రం ఉంది. పైన వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నంగా, స్క్రూ తల లోపలికి దిగేలా వడ్రంగి తొలిచినట్టు గుండ్రంగా ఉంది. నీళ్ళు బాగోక చచ్చిన నత్త గుల్లకి రంధ్రం పడదు. మూన్ స్నెయిల్ యాసిడ్‌తో మెత్తబరుస్తూ, పళ్ళున్న నాలుకతో గీకుతూ గంటల తరబడి తొలిస్తే అలా అవుతుంది. 14 ఏళ్ళుగా షాపు నడుపుతున్నవాడిని, ఆయన ముందు నోట మాట రాలేదు.

ఇక సప్లయర్ సంగతి. ఫొటోలు పంపితే "ఇసుకలో ఉండేదంతా నసారియసే సార్" అన్నాడు. రంధ్రాలు దగ్గరగా తీసి పంపితే "ఒకటీ అరా కలుస్తాయి" అన్నాడు. ఒకటీ అరా కాదు, మా తొట్టిలో మిగిలిన 40 నత్తల్లో నేనే ఆరు ఏరాను. చివరికి, వచ్చే బ్యాచ్ ఫ్రీగా పంపుతానన్నాడు! దొంగల్ని పంపినవాడు ఇంకో ముఠాని ఉచితంగా పంపుతాడట. అతని దగ్గర ఇక సరుకు తీసుకోను. ట్యాంకులో పేర్చే డ్రై రాక్, ఇసుక చవగ్గా ఇచ్చేది అతనొక్కడే, ఆ నష్టం నేను పడతాను.

అయినా సంచి విప్పి తొట్టిలో పోసింది నేనే. చూస్తే తెలిసిపోతుంది. నసారియస్ గుల్ల చిన్నది, మొన తేలి ఉంటుంది. మేత పడగానే ఏనుగు తొండం లాంటి గొట్టం ఎత్తుకుని ఇసుకలోంచి లేచొస్తుంది. మూన్ స్నెయిల్ గుండ్రంగా, నున్నగా మెరుస్తుంది. పాకేటప్పుడు వెడల్పాటి పాదం గుల్లనే సగం కప్పేస్తుంది. సరుకొచ్చిన రోజు శనివారం, షాపు నిండా జనం, నేను చూడలేదు.

లైట్లార్పిన గంటకి టార్చి వేసి చూడండి. ఇసుక దిబ్బలా ఉబ్బి కదులుతుంటే అక్కడే ఉంది. తీసి షాపుకి తెండి. బీచ్‌లో మాత్రం వదలొద్దు, మన ట్యాంకు రోగాలు సముద్రానికెందుకు? చచ్చిన నత్తలకి డబ్బులిస్తాను, వద్దంటే నత్తలిస్తాను. కొత్తవి రెండు వారాలు మా సెరిత్‌లతో కలిపి ఉంచి, వాటికేమీ కాలేదని చూశాకే అమ్ముతాను.

ఈ గొడవలోనే ఇంకో నిర్ణయం తీసుకున్నాను. దానికి మూడు రాత్రులు నిద్ర లేదు. కొత్త ట్యాంకుకి 30 నత్తల స్టార్టర్ ప్యాక్ ఇక లేదు. షాపులో ఎక్కువ పోయే సరుకు అదే, మా ఆవిడ లెక్కలు తీసి ముందు పెట్టింది కూడా. కానీ కొత్త ట్యాంకులో వచ్చే గోధుమ రంగు పొర డయాటమ్ అనే నాచు, నీళ్ళలో సిలికేట్ అయిపోతే అదే పోతుంది. ముప్ఫై నత్తలు దాన్ని నాకేసి, ఆ తర్వాత పస్తులుండి చస్తాయి. చచ్చినవి కుళ్ళి నీళ్ళలో విషమైన అమ్మోనియా పెరుగుతుంది, మీరు మళ్ళీ నా దగ్గరికే వస్తారు. ఇది నాకు ముందే తెలుసు. అందుకే ఇకపై, అమ్మోనియా, నైట్రైట్ అనే విషాలు సున్నాకి వచ్చి రాళ్ళ మీద పచ్చ నాచు కనిపించాక, వంద లీటర్లకి నాలుగు సెరిత్‌లు, ఒక టర్బో నత్త. నాచు మిగిలితే ఇంకో రెండు తీసుకెళ్ళండి. హెర్మిట్ పీతలు కావాలంటే ఖాళీ గుల్లలు కూడా కొనాలి, లేకపోతే గుల్ల కోసం నత్తల్నే చంపుతాయి.

సీ కుకుంబర్ అడిగేవాళ్ళకి ఎప్పటి జవాబే. ఆ సముద్ర జీవిని 2001లోనే వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, ఎంతిచ్చినా తెప్పించను. యారాడ బీచ్ రాళ్ళ మీద ఏరుకొచ్చిన నత్తల్ని ట్యాంకులో వేస్తామనేవాళ్ళకీ ఒక మాట: అవి సగం రోజు నీటి బయట బతికే జాతి, తెల్లారేసరికి మీ గోడ మీద ఉంటాయి.

ఆ ఐదు గుల్లలాయన డబ్బు కవర్లో పెట్టి సొరుగులో ఉంచాను. నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఈ రాత్రి షాపు మూశాక ఇంటికే వెళ్తున్నాను.